స్మోకర్ థర్మామీటర్ సరిగ్గా చూపిస్తోందా: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల పెరట్లో స్మోకర్ (పొగతో, సన్నటి వేడితో మాంసాన్ని మెల్లగా వండే పొయ్యి) పెట్టుకున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. బీఫ్ తినేవాళ్లు బ్రిస్కెట్ (రొమ్ము భాగపు పెద్ద ముక్క) పెడతారు. తిననివాళ్లు మేక జబ్బ, మేక కాలు, కోడి లెగ్ పీసులు, థ్యాంక్స్‌గివింగ్‌కి టర్కీ పెడతారు. ఏది పెట్టినా గంటల తరబడి మూత వేసి ఉంచే వంట కాబట్టి, కూరలా మధ్యమధ్యలో గరిటెతో తీసి నొక్కి చూడడం కుదరదు. ఉన్న ఆధారమల్లా థర్మామీటరే. అది తప్పు చూపిస్తే ఆ సంగతి మాంసం కోసేదాకా తెలియదు.

అమెరికా పరికరాలు ఎక్కువగా ఫారన్‌హీట్‌లోనే చూపిస్తాయి కాబట్టి కింద డిగ్రీలంటే ఫారన్‌హీట్ డిగ్రీలే. అవసరమైన చోట సెల్సియస్ అని విడిగా రాశాం.

రెండు థర్మామీటర్లు ఎందుకు? ఒకటి చాలదా?

చాలదు. మాంసం లోపలి వేడి ఒకటి, స్మోకర్‌లో గాలి వేడి ఇంకొకటి. గాలి 225 నుంచి 275 మధ్య (సెల్సియస్‌లో 107 నుంచి 135) ఉంచుతాం. మాంసం మాత్రం 40 దగ్గర మొదలై కోడి అయితే 165 పైకి, బ్రిస్కెట్ అయితే 203 దాకా మెల్లగా ఎక్కుతుంది. ఈ రెండు థర్మామీటర్లు తప్పే తీరు కూడా వేరు. మాంసం థర్మామీటర్‌లో తేడా వస్తే చాలావరకు పరికరం లోపమో, గుచ్చిన చోటు లోపమో అయి ఉంటుంది. గాలి థర్మామీటర్ విషయంలో పరికరం బాగానే ఉండి, అది కూర్చున్న చోటే తప్పుగా ఉండడం ఎక్కువ. అందుకే ముందు పరికరాన్ని పరీక్షించాలి, తర్వాత చోటును. ఈ వరస తిరగేస్తే ఎంతకీ తేలదు.

కొత్తగా కొన్నాం, డబ్బా ఇప్పుడే విప్పాం. దీన్ని కూడా పరీక్షించాలా?

పరీక్షించాలి. ఐసు పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది. కొత్తదే తేడాగా ఉంటే షాపువాళ్లు మార్చి ఇచ్చే గడువు ఉండగానే తెలిసిపోతుంది. మొదటి రోజు వచ్చిన అంకెను ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే, ఆరు నెలల తర్వాత అది ఎటు జరిగిందో చెప్పడానికి అదే ఆధారం.

ఐసు పరీక్ష సరిగ్గా ఎలా చేయాలి?

నీళ్లలో నాలుగు ఐసు ముక్కలు వేసి ప్రోబ్ (థర్మామీటర్‌కు ఉండే, వేడిని పట్టే పుల్ల) ముంచితే అది ఐసు పరీక్ష అయిపోదు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. నీళ్లు ఎక్కువై ఐసు తక్కువైతే ఐసు పైన తేలుతుంది, అడుగున నీళ్లు 39 డిగ్రీల దాకా ఉండొచ్చు. నీళ్లు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ నీళ్లే అడుక్కి దిగి అక్కడే ఉండిపోతాయి. మీ ప్రోబ్ మొన సరిగ్గా అక్కడే ఉంటుంది. అప్పుడు థర్మామీటర్ 36 చూపిస్తే అది నిజమే చెబుతున్నట్టు, తప్పు మీ గ్లాసుది.

పొడవాటి గ్లాసు తీసుకోండి. కాఫీ వేడిగా ఉంచే రెండు గోడల స్టీల్ మగ్గు అయితే ఇంకా మంచిది. ఫ్రిజ్ తలుపులోంచి వచ్చే చితికిన ఐసును అంచు దాకా నింపండి. గడ్డలే ఉంటే గుడ్డలో చుట్టి అప్పడాల కర్రతో చితక్కొట్టండి, శనగ గింజ సైజు ముక్కలు రావాలి. తర్వాత చల్లటి నీళ్లు ఐసు ముక్కల సందులు నిండేంత మాత్రమే పోయండి. నీళ్ల మట్టం ఐసు కన్నా ఒక వేలెడు కిందే ఉండాలి. బాగా కలిపి రెండు నిమిషాలు ఆగండి. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, ముక్కల మీద తెల్లటి మంచు పొడి కనిపిస్తుంది. ఆ తెలుపు పోయి ముక్కలు గాజులా తడిగా మెరిసినప్పుడు మీ గ్లాసు 32కి వచ్చిందన్నమాట.

ప్రోబ్‌ను గ్లాసు మధ్యలో రెండున్నర అంగుళాల లోతుకు దించండి. మొన అడుగుకీ గోడకీ తగలకూడదు, ఒకే ఐసు ముక్కకు ఆనుకుని కూడా ఉండకూడదు. మెల్లగా కలుపుతూ ఉండండి. అంకె కదలడం ఆగాక ఇంకో పదిహేను సెకన్లు చూసి రాసుకోండి. 32 రావాలి. డిజిటల్‌కి ఒక డిగ్రీ అటూఇటూ, ముల్లు ఉన్న డయల్‌కి రెండు డిగ్రీలు అటూఇటూ అయితే ఫరవాలేదు.

ఉప్పు మాత్రం వేయకండి. ఐస్‌క్రీమ్ చేసేటప్పుడు ఐసులో ఉప్పు ఎందుకు వేస్తారో తెలిసిందే. ఉప్పు కలిస్తే మిశ్రమం 32 కన్నా చాలా కిందికి దిగిపోతుంది, పరీక్షకు అర్థమే ఉండదు.

మరిగే నీళ్లలో 212 రావడం లేదు. థర్మామీటర్ పాడైనట్టేనా?

ముందు మీ ఊరి ఎత్తు చూడండి. నీళ్లు 212 దగ్గర మరిగేది సముద్రమట్టంలోనే. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 500 అడుగులకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. హ్యూస్టన్‌లో 212. డాలస్, ఆస్టిన్ దగ్గర 211. అట్లాంటాలో 210. డెన్వర్‌లో 203 మాత్రమే. మన వైపు చూస్తే విశాఖ, కాకినాడ, విజయవాడల్లో 212, హైదరాబాద్‌లో 209, బెంగళూరులో 206, 207 మధ్య. హైదరాబాద్ మేడ మీద స్మోకర్ పెట్టుకుని, మరిగే నీళ్లలో 209 వచ్చిందని మూడు డిగ్రీలు కలిపి సరిచేసుకుంటే, బాగున్న థర్మామీటర్‌ను చేజేతులా పాడుచేసుకున్నట్టే.

వాతావరణం ప్రభావం కూడా కొంచెం ఉంటుంది. పెద్ద తుఫాను ముందు గాలి పీడనం పడిపోతే ఒక డిగ్రీ దాకా తక్కువ రావచ్చు. ఒక్క డిగ్రీ తేడాను తేల్చుకోవాలనుకుంటే ఆ రోజు వదిలేసి ఎండ కాసే రోజు చేయండి.

పద్ధతి తేలిక. లోతైన గిన్నెలో నాలుగు అంగుళాల నీళ్లు పోసి మూత లేకుండా తెర్లనివ్వండి. అడుగున చిన్న బుడగలు లేచే దశ చాలదు, నీళ్లు పొర్లుతూ మరగాలి. గిన్నె మీద చెక్క గరిటె అడ్డంగా పెట్టి, దానికి బట్టల క్లిప్పుతో ప్రోబ్‌ను బిగిస్తే చెయ్యి ఆవిరిలో ఉండదు. మొన నీళ్ల మధ్యలో వేలాడాలి. గిన్నె అడుగుకు తగిలితే మంట వేడి ఎక్కి ఐదారు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. మామూలు కొళాయి నీళ్లు చాలు. వైరున్న ప్రోబ్ అయితే వైరు లోహంలోకి దూరే చోటు నీళ్లలో మునగకుండా, దాని మీదుగా ఆవిరి పోకుండా చూసుకోండి. ఎందుకో కింద వస్తుంది.

ఐసులో సరిగ్గా ఉంది. ఇక మరిగే నీళ్ల పరీక్ష అవసరమా?

అవసరమే. అసలు మాంసం విషయంలో మనం నిర్ణయం తీసుకునేది 165 దగ్గరో 203 దగ్గరో. అది ఐసుకి చాలా దూరం, మరిగే నీళ్లకు దగ్గర.

ఒక లెక్క చూడండి. డాలస్‌లో మీ థర్మామీటర్ ఐసులో 34 చూపించింది, అంటే రెండు ఎక్కువ. మరిగే నీళ్లలో 211 రావాల్సింది 209 వచ్చింది, అంటే రెండు తక్కువ. ఇప్పుడు ఐసు అంకె ఒక్కటే చూసి, పరికరంలో "రెండు తగ్గించు" అని సెట్ చేశారనుకోండి. ఐసులో చక్కగా 32 వస్తుంది. మరిగే నీళ్లలో మాత్రం 207 వస్తుంది, తప్పు రెండు నుంచి నాలుగుకి పెరిగింది. బ్రిస్కెట్ దగ్గర 203 కోసం ఎదురుచూస్తుంటే అసలు మాంసం అప్పటికే దాదాపు 207లో ఉంటుంది.

సెట్ చేయకుండా వదిలేస్తే? రెండు చివరలు తెలుసు కాబట్టి మధ్యది అంచనా వేయొచ్చు. తెర మీద 165 ఉంటే నిజం 166, తెర మీద 203 ఉంటే నిజం 205. ఇలాంటి పరికరాన్ని ముట్టుకోకుండా, ఈ రెండు అంకెలు ఒక టేపు ముక్క మీద రాసి దాని వెనక అంటించడమే మంచి పని. రెండు చోట్లా ఒకే వైపు ఒకేలా తేడా ఉంటేనే, ఉదాహరణకు రెండింటిలోనూ మూడు ఎక్కువ చూపిస్తేనే, సెట్టింగ్ మార్చండి.

స్మోకర్ 250 దగ్గర నడుస్తుంది. నీళ్లు 212 దాటవు. పైన ఎలా చూడాలి?

నూనెతో. పొయ్యి మీద మూకుడులో రెండంగుళాలకు పైగా లోతుండేలా నూనె పోసి 260 దాకా వేడి చేసి, పొయ్యి కట్టేయండి. ఇంతకుముందు ఐసు, మరిగే నీళ్ల పరీక్షల్లో నిలబడిన థర్మామీటర్‌నీ, పరీక్షించాల్సిన ప్రోబ్‌నీ మొనలు అర అంగుళం ఎడంలో ఉండేలా పక్కపక్కనే నూనెలో ఉంచండి. ఆపకుండా కలుపుతూ నూనె చల్లారుతుంటే 250, 240, 225 దగ్గర రెండింటి అంకెలూ ఒకేసారి రాసుకోండి. కలపకపోతే పైన ఒక వేడి, అడుగున ఒక వేడి ఉంటుంది. మెల్లగా స్పందించే ప్రోబ్ చల్లారే నూనెలో కొంచెం వెనకబడి ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, నూనె నిదానంగా చల్లారేలా మందపాటి మూకుడు వాడండి.

ప్రోబ్ మీద ఒక్క చుక్క తడి ఉన్నా నూనె చిందుతుంది. పొడిగా తుడిచి దించండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. వైరు లేని ప్రోబులను మాత్రం నూనెలో ముంచకండి, కారణం వాటి ప్రశ్నలో ఉంది.

నూనె వద్దనుకుంటే వంటింటి ఓవెన్ వాడొచ్చు. రెండు ప్రోబులను ఒకే క్లిప్పుకి బిగించి 250 దగ్గర ముప్పై నిమిషాలు ఉంచండి. ఓవెన్ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసి తేల్చకుండా, రెండేసి నిమిషాలకు పది రీడింగులు తీసి సగటు పోల్చండి.

జ్వరం థర్మామీటర్‌తో పోల్చవచ్చా?

పోల్చవచ్చు, మంచి ఉపాయమే. నోట్లో పెట్టుకునే జ్వరం థర్మామీటర్లు తమ కొద్దిపాటి పరిధిలో చాలా కచ్చితంగా ఉంటాయి. పెద్ద గిన్నెలో 102 డిగ్రీల దగ్గర గోరువెచ్చని నీళ్లు పెట్టి, మొన తడవొచ్చు అని రాసి ఉన్న జ్వరం థర్మామీటర్‌నీ మాంసం ప్రోబ్‌నీ కలిపి ముంచి, కలుపుతూ బీప్ వచ్చేదాకా ఆగండి. ఐసుకీ మరిగే నీళ్లకీ మధ్య మూడో అంకె దొరుకుతుంది. నీళ్లు 106 దాటితే జ్వరం థర్మామీటర్ పనికిరాదు. నుదుటి మీద చూపించే రకం దీనికి వాడకూడదు.

ముల్లు ఉన్న డయల్ థర్మామీటర్‌ను సరిచేయడం ఎలా?

డయల్ వెనక, పుల్ల మొదలయ్యే చోట ఆరు మూలల నట్టు ఉందేమో చూడండి. ఉంటే సరిచేయవచ్చు. పుల్లను ఐసు గ్లాసులో ఉంచి, నట్టును స్పానర్‌తో కదలకుండా పట్టుకుని డయల్ తలను తిప్పండి. ముల్లు 32 మీదికి రావాలి. వేలితో డయల్ అద్దాన్ని ఒకసారి తట్టి చూడండి, ముల్లు గెంతితే లోపల పట్టేస్తోందని అర్థం. మాంసానికి వాడేదైతే ఐసులో కన్నా మరిగే నీళ్లలో, మీ ఊరి అంకెకు సరిచేయడం మేలు. వాడేది ఆ వైపే కదా.

ఈ రకం గురించి ఇంకో సంగతి. పుల్ల లోపల రెండు లోహాల చుట్ట ఉంటుంది, అది మొన నుంచి రెండు, రెండున్నర అంగుళాల పొడవునా వేడిని పట్టుకుని సగటు చూపిస్తుంది. చాలా వాటికి అక్కడిదాకా పుల్ల మీద చిన్న నొక్కు ఉంటుంది. ఆ నొక్కు దాకా మునగకపోతే ఐసులోనూ తప్పే, మాంసంలోనూ తప్పే. పలచటి కోడి రొమ్ములో దీన్ని పైనుంచి గుచ్చితే సగం చుట్ట బయటి గాలిలో ఉంటుంది. పక్కనుంచి అడ్డంగా గుచ్చాలి.

స్మోకర్ మూతకు బిగించి వచ్చిన గేజ్‌ను నమ్మొచ్చా?

దాన్ని నమ్ముకుని వంట చేయకండి. గేజ్ మంచిదైనా అది ఉండేది మూత పైభాగంలో, మీ మాంసం ఉండేది కింద జాలీ మీద. ఈ రెండు చోట్లకీ పాతిక డిగ్రీల తేడా మామూలు, కొన్ని స్మోకర్లలో యాభై దాకా ఉంటుంది. బొగ్గులు పక్కన పెట్టి కాల్చే పొడవాటి స్మోకర్లలో మంట పెట్టె వైపు చివర ఒక వేడి, పొగగొట్టం వైపు చివర ఇంకొకటి.

అయినా పరీక్షించాలంటే, వెనక నట్టు విప్పి గేజ్‌ను బయటికి తీయండి. పుల్ల మీద నల్లగా కట్టిన మసిని సబ్బు నీళ్లతో గరుకు స్పాంజి పెట్టి తోమండి. మసి పొర వేడిని ఆలస్యం చేస్తుంది. పటకారుతో పట్టుకుని పుల్లను మాత్రం మరిగే నీళ్లలో ముంచి రెండు మూడు నిమిషాలు ఉంచండి. అద్దం లోపల ఆవిరి పట్టిన గేజ్‌లో తడి చేరింది, తుప్పు వస్తుంది, అది మార్చేయాల్సిందే.

తిరిగి బిగించాక, జాలీ మీద నమ్మకమైన ప్రోబ్ పెట్టి స్మోకర్‌ను 225, 250, 275 దగ్గర అరగంట చొప్పున నిలిపి, మూత గేజ్ ఎంత చూపిస్తోందో పక్కన రాసుకోండి. ఆ మూడు జతల అంకెలు చేతిలో ఉంటే మూత గేజ్ కూడా పనికొస్తుంది: మూతలో 270 ఉంటే జాలీ మీద 245 అని తెలిసిపోతుంది. ఎండలోనో చలిగాలిలోనో ఈ తేడా మారుతుంది కాబట్టి జనవరిలో ఇంకోసారి చూసుకోండి.

జాలీ మీద ప్రోబ్ ఎక్కడ పెట్టాలి?

మాంసం ఎత్తులో, మాంసానికి రెండంగుళాల దూరంలో. గోడకూ అంతే దూరం. ఇంకా దగ్గర పెడితే, తడి ఆరుతూ చల్లబడే మాంసం చుట్టూ ఉండే చల్లటి గాలిని కొలిచి 225కి బదులు 200 చూపిస్తుంది. మీరు బొగ్గులు పెంచుతారు, అసలు స్మోకర్ 260కి పోతుంది. బొగ్గులకు ఎదురుగా పెడితే మంట సెగ నేరుగా తగిలి ఎక్కువ చూపిస్తుంది. క్లిప్పు లేకపోతే ప్రోబ్‌ను అడ్డంగా కోసిన పచ్చి బంగాళాదుంపలో గుచ్చి మొన బయటికి వచ్చేలా పెట్టండి. మొన దుంపకు అంగుళంన్నర అవతల ఉండాలి.

జాలీ మీద ఎక్కడ ఎంత వేడి ఉందో కళ్లతో చూడాలంటే, సూపర్‌మార్కెట్‌లో గొట్టం డబ్బాల్లో దొరికే బిస్కెట్ పిండి ముద్దలు జాలీ అంతా పరిచి 350 దగ్గర పావుగంట ఉంచండి. మంట వైపువి ముదురు గోధుమ రంగుకి తిరుగుతాయి, అటు చివరివి తెల్లగానే ఉంటాయి. ఫొటో తీసి పెట్టుకోండి, మీ స్మోకర్ పటం అదే.

వైరు లేని ప్రోబ్‌ను ఎలా పరీక్షించాలి?

ఐసులో పరీక్షించండి, పుల్ల మీద ఉండే గీత దాకా ముంచి. చాలా వాటిలో బ్యాటరీ, సర్క్యూట్ మాంసంలో ఉండే సగంలోనే ఉంటాయి. మాంసం ఎప్పుడూ తడిగా ఉండి 212కి పైకి పోదన్న భరోసా మీదే వాటిని తయారు చేశారు. అందుకే ఆ భాగం తట్టుకునేది 212 దగ్గరే ఆగిపోతుంది. వేడి నూనెలో ముంచితే బ్యాటరీ చచ్చిపోతుంది. మరిగే నీళ్లలో పెట్టవచ్చో లేదో కంపెనీ కాగితంలో చూసి పెట్టండి. పెట్టొద్దంటే, 150 దగ్గర వేడి నీళ్లలో ఇంకో నమ్మకమైన థర్మామీటర్‌తో పోల్చడం చాలు.

వీటి బయటి కొసలో ఉండే గాలి సెన్సర్ మాంసానికి చాలా దగ్గరలోనే ఉంటుంది కాబట్టి పై ప్రశ్నలో చెప్పిన చల్లటి గాలి చిక్కు దీనికి పుట్టుకతోనే ఉంది. గాలి వేడికి వేరే ప్రోబ్ పెట్టుకోండి.

155 దగ్గర మూడు గంటలుగా కదలడం లేదు. ప్రోబ్ పోయిందా?

చాలావరకు ప్రోబ్ బాగానే ఉంటుంది. బ్రిస్కెట్, పంది జబ్బ లాంటి పెద్ద ముక్కలు 150, 170 మధ్య గంటల తరబడి ఆగిపోతాయి. దీన్ని స్టాల్ అంటారు. మనకు చెమట ఆరితే ఒళ్లు ఎలా చల్లబడుతుందో, మాంసం పైన తడి ఆవిరవుతూ లోపలికి వచ్చే వేడిని అలాగే లాగేసుకుంటుంది. పై తడి తగ్గాక అంకె మళ్లీ ఎక్కుతుంది. ఫాయిల్‌లోనో కసాయి కాగితంలోనో (బుచర్ పేపర్) చుడితే త్వరగా దాటుతుంది.

అనుమానం తీరాలంటే చేత్తో గుచ్చి చూసే థర్మామీటర్‌ను ప్రోబ్ మొన ఉన్న లోతుకే, అంగుళం పక్కన దించండి. రెండింటికీ తేడా మూడు డిగ్రీల్లోపు ఉంటే అది స్టాలే.

ఒకే ముక్కలో రెండు ప్రోబులు రెండు అంకెలు చూపిస్తున్నాయి. ఏది నిజం?

రెండూ నిజం కావొచ్చు. బ్రిస్కెట్‌లో పలచటి వైపు, కొవ్వు ఉన్న మందపాటి వైపు పది డిగ్రీలు తేడాగా ఉండడం మామూలే. మేక కాలులో ఎముకకు తగిలితే ఒక అంకె, కండ మధ్యలో ఇంకో అంకె. ముందు రెండు ప్రోబులనూ తీసి ఒకే ఐసు గ్లాసులో పెట్టండి. అక్కడ కలిస్తే తేడా మాంసానిదే. అప్పుడు మందంగా ఉన్న చోట, ఎముకకూ కొవ్వు పొరకూ దూరంగా, అన్నిటికన్నా తక్కువ చూపించే చోటునే లెక్కలోకి తీసుకోండి.

ఐసులో కూడా కలవకపోతే, సాకెట్లు మార్చి చూడండి. ఒకటో సాకెట్‌లోని ప్రోబ్‌ను రెండులో, రెండులోనిది ఒకటిలో. తేడా ప్రోబ్ వెంట పోతే ప్రోబ్ చెడింది. సాకెట్ దగ్గరే ఉండిపోతే, ప్రోబులు తగిలించే, అంకెలు చూపించే పెట్టెలో లోపం. ప్లగ్గు మీద జిడ్డు ఉంటే స్పిరిట్ తడిపిన దూదితో తుడిచి మళ్లీ చూడండి.

ప్రోబ్ ఉన్నట్టుండి 300 అంటోంది, లేకపోతే గీతలు చూపిస్తోంది. ఎందుకు?

తడి. నూటికి ఎక్కువ పాళ్లు ఇదే. లోహపు గొట్టంలోకి వైరు దూరే నొక్కుడు దగ్గర సందు ఉంటుంది. అక్కడ గోధుమ రంగు జిగురులా మరక కనిపిస్తే నీళ్లో కొవ్వో లోపలికి పోయినట్టే. ఇళ్లలో వాడే వైరు ప్రోబుల్లో ఎక్కువగా థర్మిస్టర్ అనే సెన్సర్ ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. తడి చేరితే కరెంటుకు పక్కదారి దొరికి నిరోధం పడిపోతుంది, పరికరం దాన్ని వేడి అనుకుని పెద్ద అంకె చూపిస్తుంది. లోపల వైరు తెగితే దీనికి వ్యతిరేకం: నిరోధం అంతులేకుండా పెరిగి తక్కువ అంకో, గీతలో వస్తాయి.

తడిసిన ప్రోబ్‌ను పెట్టె నుంచి ఊడదీసి, ప్లగ్గు భాగం బయట ఉండేలా లోహాన్నీ అల్లిక వైరునూ ఓవెన్‌లో 250 దగ్గర గంట ఉంచితే చాలాసార్లు కోలుకుంటుంది. తీశాక ఐసు, మరిగే నీళ్లు రెండూ చూడండి. మళ్లీ మళ్లీ తడి చేరుతుంటే పారేయండి. తెగిన వైరుకు మందు లేదు. వైరును నేరుగా మంట పైనుంచి పోనివ్వకపోతే, మూత కింద నలగనివ్వకపోతే, కుళాయి కింద కడగకుండా తడి గుడ్డతో తుడిస్తే ప్రోబ్ చాలా కాలం నిలుస్తుంది.

ఒక కంపెనీ ప్రోబ్ ఇంకో కంపెనీ పెట్టెకు పనికొస్తుందా?

ప్లగ్గు పట్టినంత మాత్రాన పనికిరాదు. ఒక్కో కంపెనీ థర్మిస్టర్ ఒక్కో నిరోధంతో ఉంటుంది. గది వేడిలో 75 రావాల్సింది 20 అనో 180 అనో వస్తే తెలిసిపోతుంది. గది వేడిలో దగ్గరగా ఉండి 200 దగ్గర పది డిగ్రీలు తప్పేదే ప్రమాదం. మోడల్ నంబరు చూసి కొనండి.

పెల్లెట్ గ్రిల్ (చెక్క పొట్టు గుళికలతో నడిచే పొయ్యి) తెర మీద 225, జాలీ మీద నా ప్రోబ్ 245. కంట్రోలర్‌ను సరిచేయాలా?

తొందరపడకండి. కంట్రోలర్ సెన్సర్ ఒక పక్క గోడకు ఉంటుంది, మీ ప్రోబ్ మధ్యలో ఉంది. పైగా పెల్లెట్లు పడినప్పుడల్లా వేడి పైకీ కిందికీ ఊగుతుంది. ముప్పై నిమిషాల సగటులు పోల్చండి. ముందు సెన్సర్ పుల్ల మీద పట్టిన మసిని వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి చూడండి, చాలాసార్లు సగం తేడా అక్కడే పోతుంది. మిగిలిన తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే, సెట్టింగ్ ముట్టుకోకుండా 225 కావాలంటే 205 పెట్టుకోవడమే సులువు.

తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ సరిపోతుందా?

పెనం పైభాగానికి సరిపోతుంది. మాంసం లోపలి వేడి దానికి కనిపించదు, పొగ నిండిన గాలినీ కొలవలేదు. మెరిసే స్టీల్ మీద చాలా తక్కువ చూపిస్తుంది. ఐసు గ్లాసు పైనుంచి చూపిస్తే 32కి దగ్గరగా రావాలి, దాని పరీక్ష అంతే.

ఎంత తేడా ఉంటే ఫరవాలేదు?

ఏం వండుతున్నారన్న దాన్ని బట్టి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం కోడి, టర్కీ లోపల 165 (సెల్సియస్‌లో 74), ఖీమా 160 (71), ముక్కగా ఉన్న మేక, గొర్రె, బీఫ్, పంది మాంసం 145 (63) చేరి మూడు నిమిషాలు ఆగాలి. టర్కీ రొమ్మును సరిగ్గా 165కి తీసేవాళ్లకు థర్మామీటర్ ఐదు ఎక్కువ చూపిస్తే మాంసం 160లోనే బయటికి వస్తుంది. అక్కడ రెండు డిగ్రీలకు మించి తేడా ఒప్పుకోకండి. కోడి లెగ్ పీసులు ఎలాగూ 175 దాటితేనే మెత్తబడతాయి కాబట్టి కాస్త వెసులుబాటు ఉంది. బ్రిస్కెట్, మేక జబ్బ 200 దగ్గర రెండు మూడు డిగ్రీలు అటూఇటూ అయినా నష్టం లేదు. అక్కడ పుల్ల గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగిందా లేదా అన్నదే చివరి మాట. గాలి వేడిలో పది డిగ్రీల తేడాకు కంగారు పడనక్కర్లేదు.

డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లలో నీళ్లు మరిగేదే 203 దగ్గర. తడి ఉన్న మాంసం ఆ అంకె దాటడానికి మొరాయిస్తుంది. అక్కడ 195 నుంచే పుల్ల గుచ్చి మెత్తదనం చూడడం మొదలుపెట్టండి.

ఎన్నాళ్లకోసారి పరీక్షించాలి?

వారం వారం వాడితే నెలకోసారి. కింద పడితే వెంటనే. టర్కీకి ముందు రోజు తప్పకుండా. బ్యాటరీ మార్చాక కూడా ఒకసారి ఐసులో చూడండి, బ్యాటరీ నీరసించినప్పుడు కొన్ని పరికరాలు తప్పు అంకెలు చూపిస్తాయి.

సర్టిఫికెట్ ఉన్న థర్మామీటర్ కొనాలా?

ఇంట్లో నాలుగు ప్రోబులు ఉంటే, చేత్తో గుచ్చి చూసే థర్మోకపుల్ (మొనలో రెండు లోహాల వైర్ల కలయికతో వేడిని కొలిచేది) రకం మంచిది ఒకటి సర్టిఫికెట్‌తో కొని, మిగతావాటిని దానితో పోల్చుకోవడం తెలివైన పద్ధతి. అమెరికాలో ఎన్‌ఐఎస్‌టీ (కొలతల ప్రమాణాల జాతీయ సంస్థ) ప్రమాణాలకు ముడిపడిన సర్టిఫికెట్, ఇండియాలో ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ ఇచ్చేది చూడండి. సర్టిఫికెట్ మీద ఏయే అంకెల దగ్గర పరీక్షించారో ఉంటుంది. 32, 212 రెండూ ఉన్నదే తీసుకోండి. ఆ థర్మామీటర్ పెట్టెను వేడి స్మోకర్ మూత మీద గానీ, టెక్సస్ ఎండలో గానీ పెట్టకండి. థర్మోకపుల్ తన పెట్టె వేడితో పోల్చుకుని మొన వేడిని లెక్కగడుతుంది. పెట్టె ఒక్కసారిగా కాగితే కాసేపు అంకె తప్పుతుంది. నీడలో పది నిమిషాలు ఉంచి మళ్లీ ఐసులో చూడండి, 32కి వస్తుంది.